బిభా చౌధురికి అన్యాయం జరిగింది, కానీ నోబెల్ దగ్గర కాదు

మహిళా దినోత్సవం దగ్గర పడితే చాలు, ఫిజిక్స్ శాస్త్రవేత్త బిభా చౌధురి నలుపు తెలుపు ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. కింద రాసేది దాదాపు ఒకటే: కొత్త కణాన్ని ముందు మన దేశం అమ్మాయే కనిపెట్టింది, ఇంగ్లండ్ వాడు ఆ పని కొట్టేసి నోబెల్ పట్టుకుపోయాడు. చదవగానే ఒళ్లు మండుతుంది, వెంటనే ఇంకో పది మందికి పంపాలనిపిస్తుంది. ఆమె పేరు నలుగురికీ తెలియడం మంచిదే. కానీ కథని ఇలా చెప్పడం వల్ల ఆమె అసలు చేసిన పని ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతోంది, పైగా ఆమెకు నిజంగా అన్యాయం ఎక్కడ జరిగిందో అక్కడి నుంచి మన చూపు పక్కకు పోతోంది. అందుకని మొదటి నుంచీ చెప్తాను. కొంచెం ఫిజిక్స్ తప్పదు, కానీ ఇంటర్‌లో సైన్స్ చదవనివాళ్లకు కూడా అర్థమయ్యేలాగే చెప్తాను.

ముందు ఆ కణం సంగతి. 1930ల్లో ఫిజిక్స్ వాళ్లను ఒక ప్రశ్న బాగా ఇబ్బంది పెట్టేది. పరమాణు కేంద్రకంలో ఉండే ప్రోటాన్లన్నీ పాజిటివ్ ఆవేశం ఉన్నవే, అంటే ఒకదాన్నొకటి తోసుకుని చెల్లాచెదురు అయిపోవాలి. అవడం లేదు. ఏదో ఒక బలమైన శక్తి వాటిని పట్టి ఉంచుతోంది. 1935లో జపాన్‌కి చెందిన హిదెకి యుకావా దీనికి ఒక సమాధానం ఇచ్చాడు: ఈ పట్టుని మోసే కణం ఒకటి ఉండాలి, దాని బరువు ఎలక్ట్రాన్‌కి సుమారు 200 రెట్లు ఉండాలి అని. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్‌కి 1836 రెట్లు కాబట్టి, ఈ కొత్త కణం రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే దాన్ని మెసోట్రాన్ అన్నారు, తర్వాత మెసాన్ అయింది. ఏడాది తిరిగేసరికి, 1936లో, అమెరికాలో కార్ల్ ఆండర్సన్, సేత్ నెడర్‌మేయర్, అంతరిక్షం నుంచి భూమి మీద పడే కాస్మిక్ కిరణాల్లో దాదాపు అంతే బరువున్న కణం జాడ పట్టుకున్నారు. ఇంకేముంది, యుకావా చెప్పింది ఇదే అని చాలామంది నమ్మేశారు.

అది నిజం కాదు, ఈ కథలోని గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ఆండర్సన్ వాళ్లు చూసింది ఇప్పుడు మనం మ్యుయాన్ అంటున్న కణం, బరువు ఎలక్ట్రాన్‌కి 207 రెట్లు. యుకావా చెప్పింది పయాన్, బరువు 273 రెట్లు. పయాన్ పుట్టిన క్షణంలోనే, అంటే సెకనులో కోటి వంతు కూడా గడవక ముందే చనిపోయి మ్యుయాన్‌గా మారుతుంది. మ్యుయాన్ అంతకంటే చాలాసేపు, సుమారు సెకనులో అయిదు లక్షల వంతు బతుకుతుంది, అందుకే ఆకాశం నుంచి కింద దాకా వచ్చేది ఎక్కువగా అదే. ఉన్నవి రెండు కణాలు అని 1947 దాకా ప్రపంచంలో ఎవరికీ ఖాయంగా తెలియదు. బిభా పనిచేసింది సరిగ్గా ఈ చీకటి కాలంలో.

ఆమె 1913 జూలై 3న కలకత్తాలో పుట్టింది. కుటుంబం హుగ్లీ జిల్లా భండార్‌హాటి జమీందార్లు, తండ్రి బంకు బిహారి చౌధురి డాక్టరు, తల్లి ఊర్మిళాదేవి బ్రహ్మసమాజం ఇంటి బిడ్డ. ఆ రోజుల్లో ఆడపిల్లల చదువు గురించి బ్రహ్మసమాజం వాళ్లంత పట్టుదలగా ఉన్నవాళ్లు తక్కువ, అది ఆమెకు కలిసి వచ్చింది. బెథూన్ స్కూల్, స్కాటిష్ చర్చ్ కాలేజ్, తర్వాత కలకత్తా యూనివర్సిటీ వాళ్ల రాజాబజార్ సైన్స్ కాలేజీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ. 1936లో ఆ బ్యాచ్‌లో ఆమె ఒక్కతే అమ్మాయి.

పరిశోధన చేస్తానని దేబేంద్ర మోహన్ బోస్ దగ్గరికి వెళ్తే, ఆడవాళ్లకు ఇవ్వదగ్గ ప్రాజెక్టు తన దగ్గర ఏమీ లేదని ఆయన అన్నాడట. జగదీశ్ చంద్ర బోస్‌కి మేనల్లుడు ఆయన, మంచి శాస్త్రవేత్త, చెడ్డవాడు కాదు. అయినా ఆ మాట అన్నాడు. అంతకు మూడేళ్ల ముందే బెంగళూరులో పరిశోధనకు వచ్చిన కమలా సొహోనీని సి.వి. రామన్ మొదట కాదన్నాడు, తర్వాత ఏడాది పాటు ప్రొబేషన్ మీద మాత్రమే చేర్చుకున్నాడు. ఆ తరం గొప్పవాళ్లకు ఇది తప్పు అని కూడా తోచలేదు, అదే బాధ. బిభా పట్టు వదల్లేదు. 1938లో డి.ఎం. బోస్ కలకత్తాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ అయ్యాక ఆమె కూడా అక్కడే ఆయనతో కలిసి పనిచేసింది.

1938 జనవరిలో కలకత్తాలో సైన్స్ కాంగ్రెస్ జరిగింది. దానికి జర్మనీ నుంచి ఫిజిక్స్ శాస్త్రవేత్త వాల్టర్ బోథే వచ్చాడు. ఆయనతో మాటల్లో, కాస్మిక్ కిరణాలను ఫొటోగ్రాఫిక్ ప్లేట్ల మీద పట్టొచ్చన్న ఆలోచన బోస్‌కి బలపడింది. కణం పోయిన దారిని ఆవిరిలో గీతలా చూపించే క్లౌడ్ చాంబర్ కట్టాలంటే డబ్బు, పరికరాలు, కరెంటు, మనుషులు కావాలి. ప్లేటుకి అవేవీ అక్కర్లేదు. గాజు పలక మీద జెలటిన్, అందులో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు, అంతే. ఈ పొరనే ఎమల్షన్ అంటారు. ఆవేశం ఉన్న కణం అందులోంచి దూసుకుపోతే దారిలో తగిలిన రేణువులు మారిపోతాయి, ప్లేట్ కడిగాక మైక్రోస్కోప్ కింద నల్లటి చుక్కల వరస కనిపిస్తుంది. డబ్బు లేని దేశంలో కణాల ఫిజిక్స్ చేయాలంటే అంతకంటే మంచి దారి లేదు.

ఈ దారి వేసినావిడ గురించి ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. వియన్నాలో మరియెట్టా బ్లౌ చాలా ఏళ్లు జీతం లేకుండా పనిచేసి ఈ ఎమల్షన్ పద్ధతిని పైకి తెచ్చింది. 1937లో హెర్తా వాంబాకర్‌తో కలిసి, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ దగ్గర 2300 మీటర్ల ఎత్తున్న కొండ మీద నెలల పాటు ఉంచిన ప్లేట్లలో, కాస్మిక్ కిరణం తగిలి కేంద్రకం పగిలిపోయిన జాడలు కనిపెట్టింది. నక్షత్రం ఆకారంలో ఉండేవి కాబట్టి వాటికి స్టార్స్ అని పేరు పడింది. ఆ మరుసటి ఏడాదే హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి, యూదురాలు కాబట్టి ఆమె దేశం వదిలిపోవాల్సి వచ్చింది. ఐన్‌స్టీన్ సిఫారసుతో మెక్సికోలో చేరింది, పరిశోధన మాత్రం అక్కడితో చితికిపోయింది. ఇది మనసులో పెట్టుకోండి, నోబెల్ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

కాస్మిక్ కిరణాల కోసం ఎత్తుకి ఎందుకు వెళ్లాలంటే, గాలి పొర వాటిని మింగేస్తుంది కాబట్టి. పైకి వెళ్లేకొద్దీ ప్లేట్ మీద ఎక్కువ గీతలు పడతాయి. యూరప్ వాళ్లకు ఆల్ప్స్ ఉంటే, కలకత్తా వాళ్లకు రైలెక్కితే హిమాలయం. బోస్, బిభా ప్లేట్లను డార్జిలింగ్‌లో, అక్కడి నుంచి ఇంకా పైన 3600 మీటర్ల ఎత్తులో ఉన్న సందక్‌ఫులో, టిబెట్‌లోని ఫారీ జోంగ్‌లో నెలల తరబడి ఉంచారు. తర్వాత వాటిని కడిగి మైక్రోస్కోప్ కింద మిల్లీమీటర్ తర్వాత మిల్లీమీటర్ వెతకడం. ఈ వెతకడం అనే పనిని మనం చాలా తేలిగ్గా దాటేస్తాం. చుక్కలు ఎక్కడ మొదలయ్యాయి, ఎక్కడ ఆగాయి, ఎంత దట్టంగా ఉన్నాయి, దారి ఎక్కడ ఎంత వంగింది, ఇవన్నీ చేత్తో కొలవాలి, ఒకటి కాదు, కొన్ని వందల గీతలకి.

అసలు తెలివి ఇక్కడే ఉంది. గీత చూసి కణం బరువు ఎలా చెప్పాలి? కణం ఎమల్షన్‌లో పోతూ దారిలో తగిలే పరమాణువుల వల్ల అటూ ఇటూ కొద్దికొద్దిగా చెదురుతుంది. గుంతల రోడ్డు మీద ఒకే వేగంతో పోతే సైకిల్ ఊగినంతగా లారీ ఊగదు కదా, అలాగే తేలిక కణం దారి ఎక్కువ వంకరపోతుంది, బరువు కణం దారి తిన్నగా ఉంటుంది. ఎంత దూరం పోయి ఆగింది, దారిలో ఎంత వంకరపోయింది, ఈ రెండూ కలిపి లెక్కకడితే బరువు తేలుతుంది. బోస్, బిభా ఈ లెక్క వేసి, తమ ప్లేట్లలో ఆగిపోయిన కణాలు చాలావరకు ప్రోటాన్ కంటే బాగా తేలికైనవని, సగటు బరువు ఎలక్ట్రాన్‌కి సుమారు 200 రెట్లు అని చెప్పారు. 1940 నుంచి 1942 మధ్య నేచర్ పత్రికలో వరసగా పేపర్లు వేశారు. ఎమల్షన్ ప్లేటులోని గీత చెదిరిన తీరుని బట్టి మెసాన్ బరువు కొలవడానికి ప్రపంచంలో జరిగిన తొలి ప్రయత్నం అదే. యుద్ధం మధ్యలో, వలస పాలనలో ఉన్న కలకత్తా నుంచి, ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి చేసిన పని ఇది. ఆమె గొప్ప అని చెప్పడానికి నాకు ఇది చాలు, నోబెల్ జోడించాల్సిన అవసరం కనిపించదు.

మరి పయాన్‌ని ఆమె కనిపెట్టిందా అంటే, లేదు. వాళ్ల దగ్గర ఉన్నవి ఇల్‌ఫోర్డ్ కంపెనీ హాఫ్‌టోన్ ప్లేట్లు. వాటిలో సిల్వర్ బ్రోమైడ్ పాళ్లు తక్కువ, చుక్కకీ చుక్కకీ మధ్య ఖాళీలు ఎక్కువ, బాగా నెమ్మదించిన కణాల జాడలే పడతాయి. అలాంటి గీతల మీద వేసిన లెక్కలో తప్పు వచ్చే అవకాశం చాలా ఎక్కువ, 207కీ 273కీ తేడా అందులో మునిగిపోతుంది. వాళ్లు చూసిన వాటిలో పయాన్లూ ఉండి ఉండొచ్చు, మ్యుయాన్లూ ఉండి ఉండొచ్చు, చేతికొచ్చింది మాత్రం అన్నిటి సగటు. ఇవి రెండు వేర్వేరు కణాలు అనడానికి ఒక్కటే ఖాయమైన రుజువు: ఒక కణం వచ్చి ఆగిపోవడం, ఆగిన చోటు నుంచే ఇంకో తేలిక కణం బయల్దేరడం, ఆ మొత్తం గీత ఒకే ప్లేట్ మీద కనిపించడం. హాఫ్‌టోన్ ప్లేట్ మీద అంత స్పష్టంగా అది దొరకడం దాదాపు అసాధ్యం. అంతకంటే సున్నితమైన ఫుల్‌టోన్ ప్లేట్లు కావాలని వాళ్లకు తెలుసు. యుద్ధం వల్ల ఇండియాలో దొరకలేదు. పని ఆగిపోయింది. దీన్ని దురదృష్టం అనొచ్చు, వలస దేశంలో సైన్స్ చేయడం అంటే ఏమిటో చూపించే ఉదాహరణ అనొచ్చు, దొంగతనం మాత్రం అనలేం.

బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందానికి యుద్ధం అయిపోగానే ఇల్‌ఫోర్డ్ వాళ్లు సిల్వర్ బ్రోమైడ్ బాగా పెంచిన కొత్త ఎమల్షన్ తయారుచేసి ఇచ్చారు. ఆ కంపెనీ ఉన్నది వాళ్ల దేశంలోనే, శాస్త్రవేత్తలూ కంపెనీ కెమిస్టులూ కూర్చుని మాట్లాడుకుని చేయించుకున్న ఎమల్షన్ అది. జుసెప్పే ఒకియాలిని ఆ ప్లేట్లను ఫ్రాన్స్‌లోని పిక్ దు మిది కొండ మీదికి తీసుకెళ్లాడు, బ్రెజిల్ కుర్రాడు సెజర్ లాటెస్ బొలీవియాలో 5000 మీటర్ల పైన ఉన్న చకల్తాయా దాకా వెళ్లాడు. 1947లో పయాన్ ఆగి, అక్కడి నుంచి మ్యుయాన్ బయల్దేరిన గీత స్పష్టంగా దొరికింది. ఆ మొదటి గీతను మైక్రోస్కోప్ కింద కళ్లతో పట్టుకున్నది కూడా ఒక స్త్రీయే, మరియెట్టా కుర్జ్ అనే స్కానర్. బ్రిస్టల్ ల్యాబ్ ఇలాంటి స్కానర్ అమ్మాయిల మీదే నడిచింది, అయినా చరిత్రలో వాళ్ల పేర్లు ఏ మూలనో ఉంటాయి.

1950లో నోబెల్ పావెల్ ఒక్కడికే ఇచ్చారు, ఫొటోగ్రాఫిక్ పద్ధతిని అభివృద్ధి చేసినందుకు, దానితో మెసాన్ల గురించి కనిపెట్టినందుకు. ఒకియాలినికి ఇవ్వలేదు, లాటెస్‌కి ఇవ్వలేదు. పద్ధతికి పునాది వేసిన బ్లౌ పేరును ష్రోడింగర్ సిఫారసు చేసినా ఇవ్వలేదు. నోబెల్ కమిటీ మీద కోపం తెచ్చుకోవాలంటే, నా ఉద్దేశంలో మొదట తెచ్చుకోవాల్సింది బ్లౌ కోసం. బిభా విషయంలో పావెల్ దాచింది కూడా ఏమీ లేదు. తర్వాత అతను తన సహచరులతో కలిసి రాసిన పెద్ద గ్రంథంలో, బోస్, చౌధురి వాడిన పద్ధతికి ఆధారం సరైనదేననీ, ఎమల్షన్‌లో గీత చెదిరిన తీరుని బట్టి కణాలను కొలిచే దారిలో అది మొదటి అడుగనీ పేర్లతో సహా రాశాడు. కొట్టేసినవాడు అలా రాసుకోడు.

ఇంతవరకూ ఫార్వర్డుల కథ. ఇక ఎవరూ ఫార్వర్డ్ చేయని కథ.

1945లో బిభా ఇంగ్లండ్ వెళ్లింది, కానీ బ్రిస్టల్‌కి కాదు, మాంచెస్టర్‌లో ప్యాట్రిక్ బ్లాకెట్ ల్యాబ్‌కి. ప్లేట్లు వదిలేసి ఎయిర్ షవర్ల మీద పడింది. ఒక్క బలమైన కాస్మిక్ కిరణం పైన గాలిని గుద్దితే, ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తూ లక్షల కణాలు జల్లులా కిందికి దిగుతాయి, దాన్ని ఎయిర్ షవర్ అంటారు. ఆ జల్లులో మందమైన లోహాన్ని కూడా చీల్చుకుపోయే కణాలు ఎన్ని అన్నది ఆమె పీహెచ్‌డీ. జల్లు ఎంత దట్టంగా ఉంటే అవి కూడా అదే నిష్పత్తిలో ఉంటాయని ఆమె చూపించింది. ఆమె అక్కడ ఉన్న రోజుల్లోనే, అదే ల్యాబ్‌లో, రోచెస్టర్, బట్లర్ 1947లో స్ట్రేంజ్ కణాలు అనే కొత్త రకం కణాలను మొదటిసారి కనిపెట్టారు, 1948లో బ్లాకెట్‌కి నోబెల్ వచ్చింది. అంటే ఆ కాలంలో కణాల ఫిజిక్స్‌కి నడిమధ్యలో ఉన్న మనిషి ఆమె. ఇండియా నుంచి వచ్చిన కొత్త శాస్త్రవేత్త అని ఒక మాంచెస్టర్ పత్రిక ఆమెను ఇంటర్వ్యూ చేస్తే, ఫిజిక్స్‌లో ఆడవాళ్లు ఇంత తక్కువమంది ఉండటం విషాదం అని చెప్పింది.

1949లో హోమీ భాభా ఆమెను బొంబాయిలో కొత్తగా మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి తీసుకున్నాడు. అక్కడ చేరిన మొదటి మహిళా పరిశోధకురాలు ఆమె. 1957 దాకా ఉంది. మధ్యలో మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లివచ్చింది. ఆ తర్వాత అహ్మదాబాద్‌లో విక్రమ్ సారాభాయ్ నడిపిన ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ. అక్కడ ఉన్నప్పుడే కోలార్ బంగారు గనుల్లో జరిగిన ప్రయోగాల్లో పనిచేసింది. మన కుప్పం పక్కనే ఉన్న ఆ గనుల్లో మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన కూలీలు కూడా బంగారం తవ్వారు. అదే సొరంగాల అడుగున, పైనున్న రాయి మిగతా కణాలన్నిటినీ ఆపేసే చోట, సైంటిస్టులు కాస్మిక్ కిరణాలను వెతికారు. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను, అంటే దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే కణాలను, తొలిసారి పట్టుకున్న రెండు చోట్లలో కోలార్ ఒకటి, రెండోది దక్షిణాఫ్రికా గని.

ఒకసారి ఆ లిస్ట్ చూడండి. డి.ఎం. బోస్, బ్లాకెట్, భాభా, సారాభాయ్. ఆమె పనిచేసిన ప్రతి చోటా పెద్ద పేరు ఒకటి ఉంది, ఆ పేర్లు మనకు నోటికి వస్తాయి, స్కూలు పుస్తకాల్లో ఉంటాయి, ఇన్‌స్టిట్యూట్‌లకూ రోడ్లకూ పెట్టుకున్నాం. వాళ్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి పేరు మాత్రం మనకు చేరలేదు. దేశంలోని సైన్స్ అకాడమీల్లో ఒక్కటి కూడా ఆమెను ఫెలోగా ఎన్నుకోలేదు. పెద్ద అవార్డు ఏదీ రాలేదు. నేచర్‌లో యుద్ధకాలంలో వరసగా పేపర్లు వేసి, మాంచెస్టర్‌లో డాక్టరేట్ చేసి, దేశంలో రెండు పెద్ద ఇన్‌స్టిట్యూట్లలో పనిచేసిన మనిషికి. చివరికి పేరు వెతుక్కోవడం కూడా కష్టమే, నేచర్ పేపర్లలో చౌధ్రీ అని ఒక స్పెల్లింగ్, తర్వాతి చోట్ల ఇంకోటి, తెలియనివాళ్లు చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు అనుకుంటారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది 1971 తర్వాత జరిగింది. మౌంట్ అబూలో ఒక కొత్త ప్రయోగం చేయాలని ఆమె అనుకుంది. ఎయిర్ షవర్ గాలిలో దిగేటప్పుడు రేడియో తరంగాలు కూడా వెలువడతాయి, వాటిని పట్టుకోవాలని. ఇది అప్పట్లో ప్రపంచంలోనే కొత్త దారి. ఈరోజు పెద్ద పెద్ద కాస్మిక్ కిరణాల కేంద్రాలు రేడియో యాంటెన్నాలు పరిచి సరిగ్గా ఇదే పని చేస్తున్నాయి. సారాభాయ్‌తో దీని గురించి మాట్లాడింది. 1971 డిసెంబర్‌లో సారాభాయ్ హఠాత్తుగా పోయాడు. తర్వాత ఆ ప్రయోగానికి అనుమతి రాలేదు. ఆమె స్వచ్ఛందంగా రిటైర్మెంట్ తీసుకుని కలకత్తా వెళ్లిపోయింది.

ఒక పెద్దాయన అండ ఉన్నంతకాలం పని నడవడం, ఆయన పోగానే ఆగిపోవడం, ఇది ఇండియాలో ఏ ల్యాబ్‌లోనైనా పనిచేసిన వాళ్లకు తెలిసిన సంగతే. ఆడవాళ్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే వాళ్ల తరఫున మాట్లాడే రెండో మనిషి, మూడో మనిషి ఉండరు. కమిటీల్లో ఉండరు, ఫెలోషిప్‌కి పేరు ప్రతిపాదించేవాళ్లలో ఉండరు, డైరెక్టర్ గదిలో టీ తాగుతూ విషయాలు తేల్చేసేవాళ్లలో అసలే ఉండరు. బిభాకి శిష్యగణం పెద్దగా లేదు, పెళ్లి చేసుకోలేదు, తన గురించి తను రాసుకోలేదు. అకాడమీలకు ఆమెను గుర్తుచేసేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఇందులో దొర ఎవరూ లేడు. ఉన్నదంతా మనమే.

కలకత్తాలో ఖాళీగా కూర్చోలేదు. సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో కలిసి పనిచేసింది, డెబ్బై ఏళ్లు దాటాక కూడా 1990 దాకా పేపర్లు వేసింది. 1991 జూన్ 2న చనిపోయింది. ఆ తర్వాత కూడా పాతికేళ్లకు పైగా ఆమె పేరు దాదాపు ఎక్కడా వినపడలేదు, 2018లో ఇద్దరు సైన్స్ చరిత్రకారులు, రాజిందర్ సింగ్, సుప్రకాశ్ రాయ్, పాత ఉత్తరాలూ పేపర్లూ తవ్వి ఆమె జీవితం మీద పుస్తకం తెచ్చేదాకా. ఈరోజు మనకు ఆమె గురించి తెలిసిందాంట్లో చాలా భాగం వాళ్ల చలవే, వాట్సాప్ కథ కూడా అక్కడి నుంచే వంకర తిరిగి వచ్చింది.

2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రం ఇచ్చి పేరు పెట్టమంది. మన వాటాకి సెక్స్టాన్స్ నక్షత్రమండలంలో హెచ్‌డీ 86081 వచ్చింది. దానికి ఇప్పుడు బిభా అని పేరు. ఆ పేరు ముందు పంపింది ఏ అకాడమీయో, ఆమె పనిచేసిన ఏ ఇన్‌స్టిట్యూటో కాదు, సూరత్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు.